బోర్లిచ్చినోడు

4 జూలై 1960, సోమవారం

నాయిన ఇవాళ కూడా అన్నం ముట్టలేదు. మేకపాలు మాత్రం సగం చెంబు తాగాడు. ఆత్మకూర్ వైద్యుడు నొక్కి చెప్పింది ఆ మేకపాల సంగతొక్కటే. మిగతా మందులు నా తృప్తికి రాసిచ్చినట్టున్నాడు. పాలు కురుమ మల్లవ్వ తెస్తుంది. తెల్లవారగానే గడప మీద చెంబు పెట్టి, అరుగు మీది ఖాళీ చెంబు తీసుకుని పోతుంది. డబ్బు ఇవ్వబోతే — "దవాకు పైసలేంది సారూ."

ఆమె గొంతు వినపడగానే నాయిన గోడవైపు తిరుగుతాడు. మంచాన పడ్డ మనిషి, పరాయి ఆడమనిషి ముందు సిగ్గేమో.

షాద్‌నగర్ నుంచి బదిలీ చేయించుకుని వచ్చి నెల దాటింది. పుట్టిన ఊరే. అయినా చుట్టపు చూపుగా వచ్చినట్టుంది. పద్నాలుగో ఏట పాలమూరుకు చదువుకు పోయాను, ఆ తర్వాత కల్వకుర్తిలో ఉద్యోగం, ఆ తర్వాత షాద్‌నగర్... పద్దెనిమిదేళ్లు. అమ్మ పోయినప్పుడు కూడా పదకొండు రోజులే ఉన్నాను. నాయిన మగ్గం గుంటలో ఇప్పుడు నా భార్య అండాలు పిడకలు పేర్చింది. కోడలు చేసిన పని నాయిన చూశాడు. ఏమీ అనలేదు. ఎప్పుడన్నాడు గనక.

5 జూలై

పీర్ల పండుగ సెలవు. సెలవునాడు కూడా హెడ్మాస్టరు శేషగిరిరావు గారు పిలిపించారు. కోస్తా మనిషి, మంచివాడే. మంచివాళ్లతోనే ఎక్కువ చాకిరి.

హైదరాబాదులో ఎవరో పండితులు ఊళ్లలో మాటలు పోగు చేస్తున్నారట. కట్టెడు చీటీలు ఇచ్చారు. ఒక్కో చీటీకి నాలుగు గీతలు — పదం, అర్థం, వాడుక, పుట్టుక. "మాస్టారూ, మీరు ఇక్కడివారు. సామెతలు వద్దండీ, అవి పుస్తకాల్లో బోలెడున్నాయి. జనం నోట్లో నలిగే మాట కావాలి." మొదటి చీటీ: పిసినారి.

"మా దగ్గర కంజూస్ అంటారు" అన్నాను.

"అది తెలుగు కాదు కదండీ."

నేను పదో తరగతి దాకా ఉర్దూలో చదివాను. లెక్కలు ఇప్పటికీ మనసులో ఉర్దూలోనే చేసుకుంటాను. నా నోట్లో ఏది తెలుగో ఏది కాదో ఈయన దగ్గర నేర్చుకోవాలి. సరేనండీ అని చీటీలు జేబులో పెట్టుకుని వచ్చాను. అలాగే అంటాను, ఎప్పుడూ.

7 జూలై, గురువారం

చీటీ ముందు పెట్టుకుని గంట కూర్చున్నాను. ఈ మాటలన్నీ ఒకటి కావు.

లోభి పుస్తకంలో ఉంటాడు, పురాణం చెప్పేవాడి నోట్లో ఉంటాడు. వీధిలో కనపడడు. పిసినారి ఇతరులకు పెట్టడు. పీనాసి తాను కూడా తినడు. కంజూస్ అని స్నేహితుణ్ణి ముఖం మీదే అనొచ్చు, నవ్వేసి ఇంకో చాయ్ చెబుతాడు. పిసినారి అని ముఖం మీద అంటే మాత్రం ఆ స్నేహం అక్కడితో సరి.

నాయిన ఏ మాట కిందికి వస్తాడు? తిండికి వెనకాడలేదు. నా చదువుకూ వెనకాడలేదు, అది ఒప్పుకోవాలి. మాటకే వెనకాడాడు. నేను మెట్రిక్ పాసై వచ్చిన రోజు మగ్గం మీద ఉన్నాడు. చెప్పాను. తల ఊపాడు. నాడె మళ్లీ అటునుంచి ఇటు వచ్చింది, ఇటునుంచి అటు పోయింది. నేను గుంట పక్కన ఇంకా ఏదో అంటాడని చాలాసేపు నిలబడ్డాను. ముప్పై రెండేళ్లు వచ్చాయి, ఆ మాట ఇంకా రాలేదు.

దీనికి చీటీ లేదు.

9 జూలై

దొరికింది.

పొద్దున మల్లవ్వ పాలు పెట్టేసరికి వాన పట్టుకుంది. అరుగు మీద కూర్చుంది. అండాలు ఆమె బిడ్డ క్షేమం అడిగింది. మల్లవ్వ అందుకుంది — "ఏం జెప్పాలె. మా అల్లుడు ఒట్టి బోర్లిచ్చినోడు. పండ్గకు పిల్లను తోలుమంటే తోలడు. మ్యాకకు మూరెడు పగ్గం అడిగితె ఇయ్యడు."

లోపలినుంచి నేను — "ఏమంటివి అవ్వా? బోర్లిచ్చినోడా?"

ఆమె నా వైపు చూసింది. నా భుజం మీదుగా నాయిన మంచం వైపు చూసింది. "ఏం లే సారూ. నోరు జారింది." వానలోనే లేచి పోయింది. ఖాళీ చెంబు కూడా తీసుకోలేదు.

నోరు జారినా మాట మాత్రం బంగారం. బోర్లిచ్చినోడు. ఏ నిఘంటువులోనూ ఉండదు.

10 జూలై, ఆదివారం

చీటీ రాశాను. పదం: బోర్లిచ్చినోడు. అర్థం: పిసినారి. వాడుక: "మా అల్లుడు ఒట్టి బోర్లిచ్చినోడు." పుట్టుక: గిన్నెలన్నీ బోర్లించి పెట్టి, ఇంట్లో ఏమీ లేదని వచ్చినవాళ్లకు చూపేవాడు కావచ్చు.

రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను. అండాలుకు వినిపించాను. "గిన్నెలు అందరం బోర్లిస్తం గద" అంది. ఆమెకు భాషాశాస్త్రం ఎక్కదు.

12 జూలై

హెడ్మాస్టరు గారు చీటీ పట్టుకుని స్టాఫ్ రూమంతా తిరిగారు. "చూడండి ఎంత చక్కటి లాక్షణిక ప్రయోగమో. ఇలాంటివే కావాలి." కింద నా పేరు ఆయనే రాశారు, యాదగిరి, తెలుగు పండితులు అని. నేను పండితుణ్ణి కాను. అయినా చెరిపేయమనలేదు.

16 జూలై, శనివారం

ఆరో తరగతి. బలపం ముక్క ఇవ్వనందుకు ఒకడు ఇంకొకణ్ణి — "బోర్లియ్యకురా." చెవులు నిక్కబొడుచుకున్నాను. ఇద్దరూ కురుమ వాడ పిల్లలే. ఆ మాట ఎట్లా వచ్చిందిరా అని తరగతినంతా అడిగాను. సద్దు మణిగింది. ఒకడు తల వంచుకుని నవ్వాడు. పక్కవాడు వాణ్ణి మోచేత్తో పొడిచాడు. నలభై మంది నన్నే చూస్తున్నారు. నా చొక్కా చిరిగిందేమోనని తడుముకున్నాను.

19 జూలై

మన సాలె వాడలో ఎవరూ ఆ మాట ఎరగమంటారు. నాలుగిళ్లు తిరిగాను. ఆఖరికి నర్సయ్య మామ — నాయినతో పక్క మగ్గం మీద ముప్పై ఏళ్లు నేసిన మనిషి, అమ్మకు వరసకు తమ్ముడు — "గా మాట మన వాడల లేదు."

"మరి ఎక్కడుంది మామా?"

"ఉన్నకాడ ఉంది. నీకెందుకు?"

చదువుకోని మనుషులకు మాట విలువ తెలియదు అనుకుంటూ వచ్చాను. రాశాక పొగరుగా కనిపించింది, అయినా ఈ వాక్యం కొట్టేయను. ఇట్లాగే ఉండనీ.

23 జూలై, శనివారం

నర్సయ్య మామే వచ్చాడు. వాకిట్లో కాదు, నన్ను బడి వెనక్కి తీసుకుపోయాడు. ఊళ్లో నేను ఇంటింటికీ తిరిగి అడుగుతుంటే తనకు తల కొట్టేసినట్టుందట. ఇక అడగవద్దట. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, ఎంత గుర్తుంటే అంత.

"నువ్వు అప్పుడే పాలమూర్ల సదువుకు వోతివి. ఆ ఏడు వానల్లేవు. కురుమోల్లు ఆకు అలము ఉడకవెట్టుకొని తినవట్టిరి. మనం పడుగు నూలు వాడల సాపి గంజి వెట్టినంక గంగాళం అడుగున ఇంత మిగుల్తది గద. అది వచ్చినోల్లకు పోసుడు మన వాడ రివాజు. ఆల్లు ముంతలు వట్టుకొని వాడ కొసకు నిలవడుదురు. ఆ దినం మీ నాయిన పడుగు. పొద్దు ఎక్కకముందె పనైపాయె. ఆల్లు దగ్గరికొచ్చిరి. మీ నాయిన గంగాళం రెండు చేతుల వట్టి బోర్లిచ్చిండు. మట్టిల. ఒక్క మాట లేదు. లోపలికి వోయి తలుపేసుకున్నడు."

"ఎందుకు మామా?"

"అడిగినోడు లేడు. చెప్పినోడు లేడు."

"మల్లవ్వ ఉండెనా?"

"అందరికన్న ముందల ఆమెనే. సంకల పిల్ల. ఆ పిల్లనే ఇప్పుడు అల్లుడు తోలనిది."

24 జూలై

పుట్టుక: మా ఇల్లు.

పద్దెనిమిదేళ్లుగా ఒక వాడ వాడంతా మా నాయినను మాటగా చేసుకుని బతుకుతోంది. నేను ఆ మాటను పట్టుకుని మురిసి, దానికి లాక్షణికార్థం చెప్పి, కింద నా పేరు రాయించుకుని వచ్చాను. తరగతిలో నలభై మందికి తెలుసు. మన వాడలో ప్రతి గడపకూ తెలుసు. నేను బాధపడతానని ఒక్కరూ చెప్పలేదు. అంత దయ నాకెందుకు చూపించారో. ఇప్పుడు వీధిలో నడవాలంటే ఒళ్లు చచ్చిపోతోంది.

పిసినారి దాచుకుంటాడు. దాచుకున్నా ఎక్కడో ఉంటుంది, రేపు ఎవరికో అందుతుంది. తనకూ లేకుండా, అడిగినవాళ్లకూ లేకుండా మట్టిలో పోసేవాణ్ణి ఏమంటారని ఏ నిఘంటువులో వెతికేది? కురుమ వాడకు మాట అవసరపడింది, చేసుకుంది.

ఈ పొద్దున కూడా ఆమె పాలు తెచ్చింది.

25 జూలై

రెండు పూటలా నాయిన మంచం దగ్గర కూర్చున్నాను. అడగలేదు.

26 జూలై, మంగళవారం

అడిగాను. అండాలు నీళ్లకు పోయిన సమయం చూసి.

"నాయినా, ఆ గంజి ఎందుకు బోర్లించినవు?"

ఏ గంజి అని అడగలేదు. దూలం వైపు చూశాడు. తర్వాత మొదలుపెట్టాడు — నా ఎరుకలో ఆయన ఒక్క బిగిన ఇన్ని మాటలు మాట్లాడింది ఇదే.

"అండ్ల తుత్తం ఉండె. మైలుతుత్తం. నేసిన బట్టకు పురుగు వడుతున్నదని షావుకారు తిప్పి పంపిండు. అందుకె ఆ దినం గంజిల కలిపిన. ఆల్లు తాగితె సత్తురు. ముంతలు ముందలికి వెట్టిరి... నేను బోర్లిచ్చిన."

"ఒక్క మాట చెప్పరాదా నాయినా, విషం ఉందని?"

"చెప్తె? మనకు పొయ్యొద్దనె తుత్తం కలిపిండు అందురు. ఎట్లన్న అందురు."

దగ్గు వచ్చింది. నీళ్లు పట్టాను. చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి నన్నెప్పుడు పట్టుకుందో గుర్తులేదు. "మల్లవ్వకు చెప్పు. నాతోని గాదు. నువ్వు సదువుకున్నోనివి, నీకు మాటలొస్తయి. చెప్పినవంటె సాలు, నేను వోతా."

ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా రాస్తున్నాను. సంతోషంతో.

27 జూలై

బడికి గంట ముందే పోయి పాత చీటీ వెనక్కి తీసుకున్నాను. కొత్తది రాసిచ్చాను. పుట్టుక: కరువు కాలంలో ఒక నేతగాడు, మైలుతుత్తం కలిపిన గంజిని జనం తాగకుండా నేలపాలు చేయగా, కారణం తెలియనివారు అతణ్ణి పిసినారిగా తలచి పుట్టించిన మాట. పేరు రాయలేదు.

హెడ్మాస్టరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ప్రాణాలు కాపాడినవాడి పేరే పిసినారితనానికి స్థిరపడిందన్నమాట. ఎంత అన్యాయం మాస్టారూ." మధ్యాహ్నం టపాలో హైదరాబాదుకు పంపేశారు.

వీధంతా మామూలుగా నడిచాను. నర్సయ్య మామ అరుగు ముందు కావాలనే ఆగి పలకరించాను.

29 జూలై, శుక్రవారం

బడి వదిలాక కురుమ వాడకు పోయాను. మల్లవ్వ చూరు కింద ఉన్ని వడుకుతోంది. పీట వేసింది. ఎట్లా మొదలుపెట్టాలో దారిపొడుగునా వల్లించుకున్నాను, తీరా కూర్చుంటే అదంతా పోయింది. ముందు ఆమె చేత చెప్పించి, తర్వాత నా మాట చెబుదామనుకున్నాను. మేస్టరు అలవాటు — పాఠం ముందు ప్రశ్న.

"అవ్వా, మా నాయిన గంజి బోర్లించిన దినం యాదికున్నదా?"

కదురు ఆగింది. "ఎవలు జెప్పిరి, నర్సయ్యనా? ఆయన నోరు వడ." పోగు సవరిస్తూ — "పాతముచ్చట సారూ. ఇడిసిపెట్టు."

"గంజి ఎట్లుండె అవ్వా? నీలంగ ఉండెనా?"

నవ్వింది. "గంజి నీలమెందుకుంటది? తెల్లగ, పాల లెక్క. ఆకలైనోల్లు గది మరుస్తరా?"

"నేల మీద పోసినంక..."

"కుక్కలొచ్చినయ్. మూడు. నాకినయ్. కడుపు నిండ నాకి మీ గడప ముందలనే పండుకున్నయ్."

"వాటికేమన్న అయిందా?"

"ఏమైతది? తెల్లారి గూడ వచ్చె, ఇంకింత ఉంటదేమోనని." మళ్లీ కదురు తిప్పింది. "మా అత్త బతికున్నన్ని దినాలు అంటుండె... తొమ్మిది మందిమి వోతిమి, గంజి జూస్తె ముగ్గురికి రాదు. ఎవలకు వొయ్యాల్నో ఎవలకు వద్దనాల్నో తెల్వక పారవోసిండేమో పాపం అని. నాకైతె ఎర్కలే సారూ. నేను గంజినే జూసిన, మీ నాయిన మొకం జూడలే."

ఇంకా ఏదో అడగడానికి వచ్చాననుకుని నా ముఖంలోకి చూసింది. ఏమీ లేదన్నాను. మేకపాలు ఇంకో పావుశేరు ఎక్కువ కావాలా అని అడిగింది.

30 జూలై

కుక్కలు నాకాయి.

1 ఆగస్టు, సోమవారం

తుత్తం కొంచెమే వేస్తే ఆ నీలం తెలియకపోవచ్చు. కొంచెమే వేస్తే కుక్కలకేమీ కాకపోవచ్చు. కుక్క కడుపు వేరు. ఇట్లా మూడు రోజులుగా నాతో నేనే వాదించుకుంటున్నాను. నర్సయ్య మామను అడిగాను, ఆ రోజుల్లో గంజిలో తుత్తం వేసేవారా అని.

"ఏసెటోల్లు ఏసిరి. మీ నాయిన ఏసిండో లేదో నేను గంగాళంల తొంగి జూడలే." మళ్లీ తనే — "ఆయన జెప్పిండా?"

"ఊఁ."

"జెప్తె మరి అంతె అనుకో." నన్ను చూడకుండా అన్నాడు.

3 ఆగస్టు

నాయిన: "చెప్పినవా?"

"ఇంట్ల లేకుండె."

4 ఆగస్టు

"చెప్పినవా?"

"బడిల తనిఖీ ఉండె నాయినా. రేపు."

ఇప్పుడు మల్లవ్వ వస్తే గోడవైపు తిరగడం లేదు. వాకిలి వైపే చూస్తున్నాడు. చూపు సరిగా ఆనదు. అయినా ఆమె నడకలో ఏమన్నా తేడా వచ్చిందేమోనని చెవి పెట్టి వింటున్నాడు.

6 ఆగస్టు, శనివారం

అండాలుకు అంతా చెప్పాను. పొయ్యి ముందు కూర్చుని చివరిదాకా వింది.

"ఆమెకు చెప్పలేనంటున్నవు, సరే. ఆయనకు చెప్పు."

"ఏమని?"

"చెప్పిన అని. మల్లవ్వ ఇన్నది, కండ్ల నీల్లు వెట్టుకున్నది అని. ఆమెకు పొయ్యేదేం లేదు, నీకు పొయ్యేదేం లేదు. ఆయన నిమ్మళంగ కండ్లు మూసుకుంటడు."

"అబద్ధం కదా."

"ఒక్క మాట. గా ఒక్క మాటకు గింత ఇదైతె, నువ్వు గూడ..." ఆగిపోయింది. పొయ్యిలోకి పిడక తోసింది. ఏ మాట మింగిందో నాకు తెలుసు. ఊరు దయ ఇంటికీ అంటింది.

7 ఆగస్టు

ఎందుకు చెప్పలేకపోతున్నానో రాయడానికి కూర్చున్నాను. మల్లవ్వకు చెప్పకపోవడానికి కారణం ఉంది. ఆ రోజు తొమ్మిది మంది ముంతలు పట్టుకుని ఖాళీగా తిరిగి పోయారు. వాళ్లకు ఆ రోజు దక్కింది ఆ మాటొక్కటే. పద్దెనిమిదేళ్లు నలుగురూ వాడుకుని, పిల్లలకు ఇచ్చుకున్నారు. మీరు పొరబడ్డారు, ఆయన మిమ్మల్ని బతికించాడు, దండం పెట్టుకోండి అని చెప్పి దాన్ని కూడా లాక్కోమంటున్నాడు నాయిన. నా చేతితో. ఆమె పాలు తాగుతూ. అది నేను చేయను.

నాయినకు చెప్పకపోవడానికి కారణం లేదు. వెతికాను. సత్యం అని రాసి కొట్టేశాను — సత్యం నాకెప్పుడూ అంత ముద్దు కాదు, తనిఖీ ఉందని చెప్పినప్పుడు నాలుక తడబడలేదు. అసలు సంగతి ఇది: ముందు ఆయన ఇవ్వాలి. తుత్తం లేదురా, నాకు ఆ పొద్దు ఎందుకో బుద్ధి పుట్టలేదు, అంతే — అని ఒక్కసారి అంటే, నేను వెయ్యి అబద్ధాలు ఆయన కాళ్ల దగ్గర పోస్తాను. మగ్గం గుంట పక్కన నిలబడ్డ ఆ రోజు నుంచీ ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను. ఎంత అసహ్యమైన మనిషిని.

9 ఆగస్టు, మంగళవారం

మల్లవ్వ ఇవాళ గడప దాటి లోపలికి వచ్చింది. మంచం దగ్గర నిలబడి — "ఎట్లున్నవె అన్నా?"

నాయిన లేవబోయాడు. లేవలేకపోయాడు. ఆమెను చూశాడు, నన్ను చూశాడు. నేను చెప్పేశాననుకున్నాడు, ఆమె అందుకే లోపలికి వచ్చిందనుకున్నాడు. ఆమె ఏదో అంటుందని ఎదురుచూస్తున్నాడు. ఆమె దుప్పటి సర్దింది. "పాలు దాగు. బిర్రుగై లేసి తిరుగుతవు" అంది. అంతే. పోయింది.

నా వైపు తిరిగాడు. నేను చెంబు అందుకుని వంటింట్లోకి పోయాను. పాలు కాగేదాకా అక్కడే నిలబడ్డాను. పొంగి పొయ్యిలో పడ్డాయి కూడా.

11 ఆగస్టు

హైదరాబాదు నుంచి జాబు. చీటీలన్నింటిలోకీ మనదే మెచ్చారట. పుట్టుకతో సహా అచ్చు వేస్తారట, కింద నా పేరు. హెడ్మాస్టరు గారు జాబు రెండుసార్లు చదివి వినిపించారు. "పాపం ఆ నేతగాడు మాస్టారూ. ఒక్క మాట చెప్పి ఉంటే ఎంత బాగుండేది. కొందరంతే, నోరు విప్పరు."

ఆపించండి, అందులో ఉన్నది నిజం కాదు అని చెప్పడానికి నోరు తెరిచాను. గంట కొట్టారు. ఏడో తరగతికి పోయాను. విభక్తులు చెప్పాను.

ఎక్కడో ఎవరో పండితులకు అడగకముందే ఆ అబద్ధం ఇచ్చేశాను. రేపు అది పుస్తకంలో ఉంటుంది. ఇంట్లో అడుగుతున్నవాడికి లేదు.

12 ఆగస్టు

"చెప్పినవా?"

నిద్ర నటించాను. కుర్చీలో, పట్టపగలు.

13 ఆగస్టు, శనివారం

పాలు దిగడం లేదు. పెదాలు తడుపుతున్నాం. వైద్యుడు వచ్చి నాడి చూసి, బయటికి వచ్చి, వాన గురించి మాట్లాడాడు. నర్సయ్య మామ అరుగు మీద కూర్చున్నాడు, లోపలికి రాడు. నాయిన ఇప్పుడు మాట పూర్తిగా అనలేడు. "చెప్—" అని కళ్లతో మిగతాది అడుగుతాడు. అండాలు గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. చెప్పిన. మూడక్షరాలు. బడిలో ఒకటో తరగతివాడు కూడబలుక్కుని చదివేస్తాడు.

14 ఆగస్టు, ఆదివారం

వాన వెలిసింది. దిగవని తెలిసినా మల్లవ్వ పాలు తెచ్చింది. "ఉండనీ సారూ, ఇంట్ల పొల్లగాండ్లకన్న పోస్తరు." మాకు పిల్లలు లేరని ఆమెకు తెలుసు. ఖాళీ చెంబు కోసం అరుగు వైపు చూసింది. కడగలేదు, నిన్నటిది లోపలే ఉంది. తర్వాత వస్తానని పోయింది.

మనసు గట్టి చేసుకున్నాను. ఇవాళ చెప్పేస్తాను. కారణాలన్నీ అయిపోయాయి, ఇంకా దేనికోసం పట్టుకుని కూర్చోవడం. చెప్పిన నాయినా, విన్నది, కండ్ల నీళ్లు పెట్టుకున్నది — వంటింట్లో రెండుసార్లు పైకే అనుకున్నాను. గొంతు బాగానే పలికింది. ముందు మల్లవ్వ నిన్నటి చెంబు కడిగేద్దాం, ఆమె మళ్లీ వస్తే ఎదురుచూడకూడదు అనుకున్నాను. బూడిద వేసి తోమాను. అండాలు తోముతాను ఇవ్వమంది, ఇవ్వలేదు. రెండుసార్లు కడిగాను. తీసుకుపోయి అరుగు మీద బోర్లించాను. దాని పక్కనే కూర్చుని ఇది రాస్తున్నాను.

లోపల్నుంచి అండాలు పిలుస్తోంది. నా పేరు పెట్టి పిలుస్తోంది, ఎప్పుడూ పిలవనిది...